అయిదుకు అయిదు

నా పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉండగా, ఒక వేసవి ఆరంభంలో, గురజాలలో జరుగనున్న జూనియర్ బాలికల కబడ్డీ పోటీలకు నన్ను వైద్యాధికారిణిగా డిప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను పల్నాటిలోనే ఒక ప్రభుత్వ వైద్యశాలలో డిప్యూటీ సివిల్ సర్జన్ హోదాలో ఉన్నాను. ఆ హోదాకు వచ్చినవారు మైదానాలకు వెళ్లరు, తమ కింది డాక్టర్లను పంపుతారు. మా కింది డాక్టర్లు ఇద్దరూ సెలవులో ఉన్నారు. అంతకు ముందు రెండేళ్లూ ఆ పోటీలకు నేనే వెళ్లాను కనుక, మూడవసారి వెళ్లడం కూడా నా వంతే అయింది. ఎండకు జంకే వయసు వచ్చింది. అయినా ఉత్తర్వు ఉత్తర్వే.

మైదానం పక్కన కూర్చున్న డాక్టరు పని మడమ బెణికితే మందు జల్లడం, వేలు తొలిగితే కట్టు కట్టడం అని చాలామంది అనుకుంటారు. అవి నర్సు కూడా చేయగలదు. డాక్టరు అవసరమయ్యేది తలకు దెబ్బ తగిలినప్పుడు. కంకషన్ అంటే మెదడు కపాలంలో ఒక్కసారి కుదుపునకు లోనై, కొంతసేపో కొన్నాళ్లో తన వ్యాపారం తాను సరిగా నడుపుకొనలేకపోవడం. నెత్తురు రాదు, ఎముక విరగదు. స్కానింగు తీసినా సాధారణంగా ఏమీ కనబడదు. మనిషి లేచి నిలబడతాడు, మాట్లాడతాడు, ఆడతానని పట్టుబడతాడు. ఆ స్థితిలో రెండవ దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. అందుచేత అనుమానం ఉన్న క్రీడాకారులను ఆనాటికి ఆట నుండి తప్పించవలెనన్నది నియమం. దానికి మినహాయింపు లేదు.

ఇందుకొక పరీక్ష ఉంది. ముందు మెడ చూడాలి. తరువాత మనం ఎక్కడ ఉన్నాం, ఎవరితో ఆడుతున్నాం, ఇప్పుడు నడుస్తున్నది మొదటి సగమా రెండవ సగమా అని అడగాలి. అయిదు మాటలు చదివి వినిపించి, తిరిగి చెప్పించాలి. నెలల పేర్లు వెనుక నుండి ముందుకు చెప్పించాలి. ఒక పాదం ముందు మరొక పాదం ఆనించి, కళ్లు మూయించి నిలబెట్టాలి. ఇవన్నీ అయ్యాక, చెప్పకుండా ఉన్నట్టుండి, ఇందాకటి అయిదు మాటలు మళ్లీ అడగాలి. దెబ్బ తిన్న మెదడు పాత సంగతులను పదిలంగానే ఉంచుకుంటుంది. అప్పుడే విన్నదానిని పట్టుకొనలేదు.

పోల్చి చూసుకొనడానికి వీలుగా ఆటలు మొదలు కాకముందే పిల్లలందరికీ ఒకసారి ఈ పరీక్ష చేసి పెట్టుకుంటాం. ఆ ఉదయం చేశాను. నా దగ్గర ఉన్న మాటల పట్టీలలో మొదటిది గొడుగు, నిమ్మకాయ, మేకు, ఈగ, తివాచీ. అంతకు ముందు ఏళ్లలోనూ ఉదయపు పరీక్షకు అదే వాడాను. బొల్లాపల్లి వైపు నుండి వచ్చిన జట్టులో ప్రతి పిల్లా తడుముకోకుండా అయిదుకు అయిదు చెప్పింది. చురుకైన పిల్లలని సంతోషించాను.

ఆ జట్టుకు ముఖ్యమైన క్రీడాకారిణి కోటేశ్వరి. పొడగరి, మాట తక్కువ. తండ్రి మాచర్లలో నాపరాళ్ల లారీ నడుపుతాడు. ఆమెకు ఆట నేర్పినవాడు సైదులు మాస్టారు, వాళ్ల హైస్కూలు వ్యాయామోపాధ్యాయుడు. రాష్ట్ర శిక్షణ శిబిరానికి పిల్లలను ఎంపిక చేసే సెలెక్టర్లు ఇద్దరు ఆ రోజు షామియానా కింద కూర్చుని ఉన్నారు. జూనియర్ విభాగంలో కోటేశ్వరికి అదే చివరి ఏడు. శిబిరానికి వెళ్లగలిగితే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి పడుతుందని సైదులు మాస్టారు ఉదయం నాతో రెండుసార్లు అన్నాడు.

మాచర్ల జట్టుతో పోటీ మొదటి సగంలో ఉంది. కోటేశ్వరి రైడ్‌కు, అంటే ఎదుటివారి సగంలోకి కూతకు వెళ్లింది. కోర్టు మూలలో ఉన్న పిల్ల ఆమె చీలమండ పట్టింది. పడిపోతున్న ఆమె కణతకు మరొకామె మోకాలు తగిలింది. చప్పుడు నా కుర్చీ దాకా వినబడింది. కోటేశ్వరి కిందపడి, క్షణకాలం కొయ్యబారిపోయింది. నేను లేచేలోపలే సైదులు మాస్టారు పరుగెత్తి తన జేబులోని తాళాల గుత్తి తీసి ఆమె పిడికిట్లో పెట్టి మూశాడు. ఇనుము పట్టిస్తే ఫిట్సు ఆగుతాయని మా ప్రాంతంలో గట్టి నమ్మకం. ఇంకెవరో గోళీసోడా కొట్టి ముఖాన పోశారు.

ఆమె తనంతట తానే లేచింది. జనం చప్పట్లు కొట్టారు. లేచినామె తన జట్టు వైపు కాక మాచర్ల పిల్లల వరుసలోకి నడిచి, చేతులు కలిపి గొలుసు కట్టడానికన్నట్టు పక్క పిల్లకు చెయ్యి అందించింది.

ఆ పిల్ల చెయ్యి వెనక్కు లాక్కుని, “ఏమే, ఇటొచ్చావేంది? మా టీములో చేరతావా?” అన్నది.

మైదానమంతా గొల్లుమన్నది. రిఫరీ ఈల వేసి నాకు చెయ్యి ఊపాడు. రిఫరీ పిలవనిదే డాక్టరు గీత లోపలికి పోరాదు. వెళ్లి, మెడ పరీక్షించి, అక్కడే మొదటి ప్రశ్న అడిగాను. మనం ఏ ఊళ్లో ఉన్నామమ్మా అని. ఆమె నోరు తెరవకముందే, ఆట చూడటానికి గీత పక్కన ఆపుకున్న ట్రాక్టరు తొట్టెలో నిలబడ్డ జనం “గురజాలా” అని ముక్తకంఠంతో జవాబిచ్చారు. మైకు పట్టుకున్నాయన పాయింట్లు చదివి వినిపించాడు. అక్కడ పరీక్ష సాగదని తెలిసి, వలలూ ఇనుపగుండ్లూ దాచే గదిలోకి తీసుకుపోయాను. సైదులు మాస్టారును బయటే ఉండమన్నాను. ఆయన తలుపు దగ్గర ఫోనులో పిల్ల తండ్రితో మాట్లాడుతున్నట్టు వినబడింది. కాసేపటికి ఫోను నా చేతికిచ్చాడు.

అవతల లారీ చప్పుడు. “అమ్మా, పిల్ల నిలబడుందా?”

నిలబడి ఉన్నదని చెప్పాను.

“మాట్లాడతందా?”

మాట్లాడుతున్నదన్నాను.

“మరింకేంది? ఆడనీండి. మా మాస్టారు చానా కష్టపడ్డాడు.”

పరీక్ష ముగించి చెబుతానని ఫోను తిరిగి ఇచ్చి, తలుపు వేశాను.

ఒకే రోజున రెండవసారి పరీక్ష చేస్తే మాటల పట్టీ మార్చాలి. రెండవ పట్టీ తీసి నెమ్మదిగా చదివాను. గంట, చింతపండు, దువ్వెన, పావురం, ఇటుక. ఆమె మూడు చెప్పింది. మళ్లీ చదివితే నాలుగు చెప్పింది. తప్పనదగినంత తప్పేమీ కాదు. ఎవరితో ఆడుతున్నావంటే మాచర్ల అన్నది. నెలలు డిసెంబరు నుండి జనవరి దాకా ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో చెప్పింది. కళ్లు మూసుకుని ఒంటి గీత మీద నిలబడినప్పుడు ఒక్కసారే తూలింది. చూపు మాత్రం నా ముఖం మీద కాక కొంచెం పక్కగా నిలుస్తున్నది. అటువంటి చూపునకు కాగితం మీద గడి లేదు.

గది బయట ఈలలు మొదలయ్యాయి. ఆట ఆగి ఉంది. నిర్వాహకులలో ఒకరు తలుపు కొట్టి, సెలెక్టర్లు భోజనానికి లేస్తామంటున్నారని చెప్పారు. సైదులు మాస్టారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇక మిగిలినది అయిదు మాటలు మళ్లీ అడగడం. లోపలికి రమ్మన్నాను. దాచిపెట్టేది ఏమీ లేదని ఆయన కళ్లతో ఆయన చూడటం మేలనిపించింది.

ఇందాక నేను చెప్పిన మాటలు అయిదూ చెప్పమ్మా అన్నాను.

కోటేశ్వరి వెన్ను నిటారుగా పెట్టి, తరగతిలో లేచి నిలబడ్డ పిల్లలాగా చెప్పింది. “గొడుగు, నిమ్మకాయ, మేకు, ఈగ, తివాచీ.”

సైదులు మాస్టారు తొడ చరిచాడు. “అయిదుకి అయిదు. ఇంకేం గావాలి డాక్టరమ్మ గారూ? పంపీండి.”

అవి ఉదయపు మాటలనీ, ఇప్పుడు నేను చదివినవి వేరనీ చెప్పాను. ఆయన నా వంకా కాగితం వంకా చూశాడు. ఉదయం పరీక్ష చేసినప్పుడు లేని ఆయనకు అవి సరైన మాటలని ఎట్లా తెలుసునని అడిగాను. దాపరికం లేకుండా చెప్పాడు. మొదటి ఏడు పిల్లల చేత విని ఆ మాటలు రాసుకున్నాడట. ఆ తరువాత ప్రతి సాయంత్రం ప్రాక్టీసు చివర, ఊపిరి బిగబట్టడం నేర్పినట్టే, జట్టు చేత వల్లె వేయించాడట. నెలలు కూడా. అందులో ఆయనకు వంచన ఏమీ కనబడలేదు. పరీక్ష అన్నది ఏదైనా, ముందే చదివి నూటికి నూరు తెచ్చుకునేదేనని ఆయన ఎరుక. పదవ తరగతికి ముఖ్యమైన ప్రశ్నలు గీయించి బట్టీ పెట్టించే ఊళ్లో ఇంకెట్లా అనుకుంటాడు.

“మాటలు మారుస్తారని ముందే చెప్పాలి గదమ్మా,” అన్నాడు. “రెండో పట్టీ గూడా నేర్పిచ్చేవాణ్ణి.”

నాకు కోపం రాలేదు. ఆ ఎండలో కోపానికి కూడా ఓపిక కావాలి. అది మార్కుల పరీక్ష కాదనీ, తప్పు చెప్పడమే ఆమెకు రక్షణ అనీ వివరించాను. ఆయన వింటున్నాడు కానీ ఒప్పుకోవడం లేదు. వచ్చే ఏడు వయసు దాటిపోతుందని మళ్లీ అన్నాడు. నాకూ తెలుసునన్నాను.

అప్పుడు కోటేశ్వరి కుడి పిడికిలి విప్పి చూసుకుంది. పరీక్ష జరిగినంతసేపూ ఆ చెయ్యి మూసే ఉన్నది. అరచేతిలో తాళాల గుత్తి అచ్చులు పడి ఉన్నాయి.

“మాస్టారూ, ఈ తాళాలు ఎవురియ్యి?” అని అడిగింది.

ఆ గుత్తిలో ఆయన బండి తాళం ఉంది. దానికి వేలాడే ఎర్రని బొమ్మ ఆమె కొనిచ్చినదేనట. సైదులు మాస్టారు గుత్తి తీసుకున్నాడు. “నేనేగదే నీ చేతిలో పెట్టింది,” అన్నాడు నెమ్మదిగా. ఆమె, ఎప్పుడు అన్నట్టు చూసింది. నేను చెప్పినదంతా ఆయనకు ఆ చూపుతో బోధపడింది. బయటికి వెళ్లి రిఫరీతో ఆయనే అన్నాడు, మా పిల్ల ఇక ఆడదని.

రిఫరీ ఇచ్చిన పత్రం మీద ఆట నుండి తప్పించినట్టు రాసి సంతకం చేశాను. ఆమె బదులు మరొకామె దిగింది. బొల్లాపల్లి జట్టు ఓడింది. సెలెక్టర్లను కలిసి పరిస్థితి చెప్పాను. మర్యాదగా విన్నారు. చూడని ఆటను చూసినట్టు రాయలేమన్నారు. వారి వరకు అది న్యాయమే.

సాయంత్రానికి ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. గుంటూరు పంపి స్కానింగు తీయించాం. రక్తస్రావం లేదు. కొన్ని వారాలు తలనొప్పి, వెలుతురు పడకపోవడం ఉండి తగ్గాయి. శిబిరానికి వెళ్లినవారి పేర్లలో ఆమె పేరు లేదు. తండ్రి ఒకసారి ఆసుపత్రికి వచ్చి, నన్ను ఒక్క మాటా అనకుండా, మందుల చీటీ మాత్రం రాయించుకుని వెళ్లాడు. ఏమైనా అంటే బాగుండుననిపించింది.

నా ఉద్యోగపు చివరి ఏట మళ్లీ అదే మైదానానికి డిప్యుటేషన్ పడింది. మాచర్లలోని ఒక ప్రైవేటు పాఠశాల జట్టును వెంటబెట్టుకుని వ్యాయామోపాధ్యాయినిగా కోటేశ్వరి వచ్చింది. మెడలో ఈల. నన్ను గుర్తుపట్టి నమస్కారం చేసింది. ఉదయపు పరీక్షలో ఆమె పిల్లలు ఒకరి తరువాత ఒకరు అయిదుకు అయిదు చెప్పారు. అనుమానం వచ్చి రెండవ పట్టీ చదవబోయాను. గంట అనగానే ఒక పిల్ల మిగతా నాలుగూ తానే అందించింది.

కోటేశ్వరిని పక్కకు పిలిచి, నీకు జరిగింది చూసి కూడా ఇదేమి పని అన్నాను.

“మీరు మారుస్తారని మాస్టారు చెప్పాడమ్మా. రెండో పట్టీ ఆ రోజు మీ కాగితంలోనే జూశాడంట. అందుకే రెండూ నేర్పిచ్చినా.” కొంచెం ఆగి, “నేను జూసిందేముంది? ఆ రోజు నాకు గుర్తే లేదు. కూతకు బోయింది గుర్తు, గుంటూరులో లేచింది గుర్తు. క్యాంపు పోయిందొకటే తెలుసు,” అన్నది. నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పింది.

అంతకాలం నేను ఆ సంగతి ఆలోచించలేదు. ఆటను ఎందుకు ఆపామో అందరికీ తెలుస్తుంది, ఎవరి కోసం ఆపామో వారికి తప్ప. ఆ కారణం నిలవవలసిన చోటే దెబ్బ తగిలి ఉంటుంది. పోయినది మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. కనుక ఈ పనిలో ఉన్న డాక్టరు ఆ క్రీడాకారుల ఒప్పుదలకు గాని మెప్పుకు గాని ఎదురుచూడరాదు. మైదానంలో కంటితో చూసినదే, కొయ్యబారడమూ, లేచి పరాయి వరుసలోకి నడవడమూ, ఆపడానికి చాలు. గదిలో చేసే పరీక్ష తీవ్రతను కొలవడానికే. అందులో ఎంత బాగా చెప్పినా ఆ నిర్ణయం మారదు. నేను నేర్చినది ఇంతే.

ఆ మధ్యాహ్నం భోజన విరామంలో కుర్చీ నీడకు జరుపుకుని, కొత్త మాటలు అయిదు రాసుకున్నాను.