పనసపొట్టు కూర పందెం

రెండేళ్ళ కిందట మాఘమాసంలో అప్పనపల్లి దగ్గర ఒక పెళ్ళికి మా వడ్డన జట్టు వెళ్ళింది. అప్పటికి నేను ఆ పనిలో చేరి ఏడాది. ఇప్పుడు కొత్తపేటలో టిఫిన్లు వేసుకుంటూ, వడ్డన నుంచి రిటైరయ్యానని చెప్పుకుంటున్నాను. ఈ వయసులో రిటైరేమిటని మా ఆయన నవ్వుతారు. అరిటాకుల ముందు వంగి వంగి నడుము పట్టేసినవాళ్ళకి ఆ మాట అనే హక్కు ఉందని నేను అంటాను.

వడ్డనంటే బకెట్ పట్టుకుని నడవడమే అనుకుంటారు చాలామంది. వరసలో కూర్చున్నవాళ్ళందరినీ కలిపి బంతి అంటాం. ప్రతి బంతికీ ముందు స్వీటు, పులిహోర, గారె. తరవాత కూరలు, పప్పు, అన్నం, ఆ వెంటనే నెయ్యి. ఎవరి బకెట్ వాళ్ళది, ఎవరి వంతు వాళ్ళది. నెయ్యి మనిషి కబుర్లలో పడి రెండాకులు వెనకబడిందంటే వేడన్నం కాస్తా చల్లారిపోతుంది, ఆకు ముందు కూర్చున్న పెద్దాయన ముఖం ముడుచుకుంటుంది. అన్నిటికన్నా బరువు అన్నం బేసిను కాబట్టి దాన్ని మా జట్టు పెద్ద సత్యవతక్క మోసేది. ఆ రోజు పనసపొట్టు కూర నాది, నెయ్యి మేరీది. మేరీ రాజోలు వైపు పిల్ల, జట్టులోకి కొత్తగా వచ్చింది. వ్యానులో మేమంతా గోల చేస్తుంటే తను కిటికీలోంచి కాలవ గట్టు చూసుకుంటూ కూర్చునేది. నేను మూగనెయ్యి అని ఏడిపించేదాన్ని. దానికీ ఒక నవ్వు నవ్వి ఊరుకునేది.

క్యాటరింగు బాబ్జీగారు ఆ పొద్దున్న పందిట్లోకి దిగగానే మమ్మల్ని నిలబెట్టి చెప్పేశారు.

"మగపెళ్ళివారి బంతిలో మాట రాకూడదమ్మా. వచ్చిందా, రేపట్నించి మండపేట కుర్రాళ్ళని పెట్టుకుంటాను. ఆడపిల్లల జట్టు వద్దని మావాళ్ళు ముందే చెప్పేరు. లైను దాటకండి, ఎవరి బకెట్ వాళ్ళు చూసుకోండి."

"ఆయ్, అలాగేనండి" అంది సత్యవతక్క.

ఈ పని పోతే నేను మళ్ళీ కొబ్బరిపీచు ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అక్కడ రోజంతా ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, నోరు తెరిస్తే పీచు. నాలాంటి వాగుడుకాయకి అంతకన్నా జైలు లేదు. ఇక్కడో, అందరం ఒకే రంగు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఎవరి పెళ్ళిలోనో పెళ్ళికూతుళ్ళలా తిరగొచ్చు.

మగపెళ్ళివారు కూర్చున్నారు. పెళ్ళికొడుకు మేనమామగారు బంతి మధ్యలో బాసింపట్టు వేసినంత ధీమాగా కుర్చీలో సర్దుకుని, పనసపొట్టు కూర ఒక ముద్ద తిని, పక్కన నిలబడ్డ పెళ్ళికూతురి నాన్నగారి వైపు తిరిగారు.

"బావగారూ, కూర బావుందండి. మా బంతి లేచేలోగా గరిటెకి బకెట్ అడుగు తగిలిందో, మీరు ఓడిపోయినట్టే. ఏమంటారు?"

సరదాకే అన్నారు. మా వైపు వియ్యంకుల మధ్య ఇలాంటి వెటకారం లేకపోతే పెళ్ళి చప్పగా ఉంటుంది. కానీ పెళ్ళికూతురి నాన్నగారు చేతులు జోడించి నవ్వుతూనే నుదురు తుడుచుకున్నారు. బంతి బంతంతా "ఇటు కూర, ఇటు కూర" అని మొదలుపెట్టింది. నేను రెండుసార్లు బకెట్ నింపుకొచ్చాను. మూడోసారి వంటాయన గరిటె అడ్డం పెట్టేశాడు. మగపెళ్ళివారిదే ఇంకో బంతి ఉంది, మిగిలింది వాళ్ళకి, పోయి ఉన్నదాంతో గట్టెక్కు అన్నాడు.

బకెట్‌లో ఉన్నది రెండు గరిటెల కూర. మేనమామగారు నన్నే చూస్తున్నారు. నాకు భయం వేస్తే నవ్వొస్తుంది, అదొక రోగం. నవ్వాపుకుంటూ, గరిటె అడుక్కి తగలకుండా పైపైన తిప్పుతూ, మెల్లగా నడుస్తున్నాను. బంతి ఆ చివర ఉన్న మేరీ తల ఎత్తి నా వంక చూసింది. బకెట్ తేలికైందని నా భుజాన్ని చూసి పోల్చిందట, తరవాత చెప్పింది. లైను దాటి గబగబా నాకన్నా ముందు మేనమామగారి ఆకు దగ్గరికి వచ్చేసింది.

"మావయ్యగారూ, నెయ్యండి."

"అన్నం ఏదమ్మా నెయ్యి వెయ్యడానికి?"

"అయ్యో, అన్నం లేదాండి? అక్కా, మావయ్యగారికి అన్నం."

నేను ఆ పిల్ల గొంతు సరిగ్గా విన్నది అదే మొదటిసారి. సత్యవతక్క అటే తిరిగింది. బేసినుతో వచ్చి ఒక చిన్న కొండంత పెట్టింది. కొండ మీద మేరీ నెయ్యి ధార. ఇంత అన్నం ఉత్తినే ఎలా తింటారండీ అంటూ పప్పు వచ్చింది. పప్పులోకి అప్పడం లేకపోతే ఎలాగండీ అంటూ అప్పడాల బుట్ట వచ్చింది. వడియాలొచ్చాయి, గారెలొచ్చాయి, పులిహోర మళ్ళీ వచ్చింది.

"మా ఇంటి పెళ్ళిలో కొసరు వద్దనకూడదండి" అని ఒకరంటే, "మీరు తినకపోతే పెళ్ళికూతురు అలిగిపోద్దండి" అని ఇంకొకరు. ఎవరూ ఎవరికీ సైగ చేసుకోలేదు. ఒకరి వెనక ఒకరు వచ్చేశారు, అంతే. ఆయన "చాలు, చాలు" అనేలోగా ఇంకొకటి పడుతోంది. ఆకు కనబడటం మానేసింది.

అప్పుడు నేను బకెట్ నడుముకి ఆనించుకుని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"పనసపొట్టు కూరండి మావయ్యగారూ. చోటు చూపించండి, వేసేస్తాను."

ఆయన ఆకంతా వెతికారు. చోటు లేదు. రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, దాదాపు దాని మీద పడుకుని, "వద్దమ్మా, మీకో దణ్ణం" అన్నారు. పక్కన కూర్చున్న వాళ్ళమ్మగారు నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుంది.

"పందెం వేసేవు కదరా, తిను మరి. అంతా తినేదాకా నేను లేవను, నువ్వూ లేవకూడదు."

పెద్దావిడ లేవందే బంతిలో ఎవరూ లేవరు. అందరూ కూర మాట మరిచిపోయి ఆయన తినడం చూస్తూ కూర్చున్నారు. ఇక కూర అడిగినవాళ్ళే లేరు. రెండు గరిటెల కూరా బకెట్‌లోనే మిగిలింది. ఆయన చివరి గారె మింగి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ పెళ్ళికూతురి నాన్నగారి భుజం మీద తట్టి, "బావగారూ, వడ్డనవాళ్ళని గొప్పవాళ్ళని పెట్టేరండి" అన్నారు.

బంతి లేచాక బాబ్జీగారు మమ్మల్ని వంటపందిరి వెనక్కి పిలిచారు. ముఖం గంటుగానే ఉంది.

"లైను దాటింది ముందెవరు?"

మేరీ నోరు తెరవబోయింది. సత్యవతక్క అడ్డుపడింది.

"అందరం దాటేమండి."

ఆయన మా అందరినీ ఒకసారి చూసి, తల గోక్కున్నారు.

"రేపు అయినవిల్లి పెళ్ళి. పొద్దున్నే వ్యాను వస్తుంది. తెల్లచీరలు కట్టుకోకండి, పులుసు మరకలు పడతాయి."

ఆ తరవాత ఇంకో ఏడాది ఆ జట్టులోనే పనిచేశాను. ఇప్పుడు నా టిఫిన్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళని పెట్టుకునే ముందు చెయ్యి ఎంత చురుకో, మాట ఎంత తీపో నేను అడగలేదు. ఒక పూట ఊరికే పనిలో ఉంచి చూశాను. అట్టు వేస్తూ వేస్తూ పక్కమనిషి దగ్గర చట్నీ అయిపోవస్తోందని ఎవరు గమనించారో వాళ్ళనే ఉండమన్నాను.