హార్మోనియం ఎప్పుడూ ఆలస్యమే

ఈ కాలం పాటల్లో పస లేదని నేను అనని ఆదివారం లేదు. మార్కాపురం దగ్గర మా ఊరి చర్చిలో ముప్పై ఏళ్లు పాట ఎత్తుకున్నదాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుందనుకునేదాన్ని. అప్పట్లో మా పద్ధతి ఏమిటంటే, పాట ముందు మనిషి గొంతులోంచి రావాలి. నేను లేచి ఎత్తుకుంటే హార్మోనియం అందుకునేది, తర్వాత అందరూ కలిసేవాళ్లు. ఆ హార్మోనియం వాయించేది మా ఆయనే. ఆరు రోజులు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, ఏడో రోజు ఆ మోటు వేళ్లనే దాని మెట్ల మీద పెట్టేవాడు.

ఆయన మీద నాకు ఒకటే ఫిర్యాదు. పాటలోకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. నేను పల్లవి సగం పాడేదాకా ఆ మెట్టూ ఈ మెట్టూ మెల్లగా తడుముతూ, అప్పుడు అందుకునేవాడు. ఇంటికొచ్చి దెప్పేదాన్ని.

"ఇన్నేళ్లయింది, నాతోపాటే మొదలుపెట్టేదానికి ఏంది కష్టం?"

"నీ అంత చురుకు నాకు యాడిది?" అని నవ్వి, అన్నం కలుపుకునేవాడు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు చర్చిలో కీబోర్డు పెట్టారు. వాయించేది సంఘపెద్ద కూతురు. గిద్దలూరులో నర్సుగా చేస్తూ ఆదివారాలు వస్తుంది. పెన్‌డ్రైవ్ గుచ్చితే తబలా, వేణువు అన్నీ అందులోంచే వస్తాయి. మీటలు నొక్కడం కూడా ఒక విద్యేనా అని ఆమె ముందే అన్నాను.

పోయిన నెల, చాలా రోజుల తర్వాత నన్ను పాడమన్నారు. పెన్‌డ్రైవ్‌లోని ట్రాక్ మొదలైంది. నేను నా అలవాటు ప్రకారం ఎత్తుకున్నాను. రెండు వరుసలు పాడేసరికి నా గొంతు ఒక దారి, ట్రాక్ ఒక దారి. కొందరు తలలు దించుకున్నారు. ట్రాక్ మాత్రం ఆగలేదు. చరణం రాకముందే నేను కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక చెప్పులు విడిచిన చోట ఆమెను నిలదీశాను.

"ట్రాక్ తప్పు పెట్టినావు నువ్వు."

"ట్రాక్ సరిగ్గానే ఉంది అత్తా. నీకే ఒక శ్రుతి ఉండదు. వారానికో చోట ఎత్తుకుంటావు. చిన్నప్పుడు మామ పక్కన కూర్చోని చూసేదాన్ని గదా. నీ గొంతు ఏ మెట్టు మీద ఉందో వెతుక్కోని, అప్పుడు వాయించేవాడు. అట్ల పట్టుకునేది నాకు ఇప్పటికీ రాదు."

ఇంటిదాకా ఆమెను తిట్టుకుంటూ నడిచాను. తలుపు తీసి లోపలికొచ్చాక ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు, నేను తప్ప. ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం ఆయన నన్ను వెతికాడు. నేను దాన్ని ఆలస్యం అన్నాను. నీ శ్రుతి మారిందని ఒక్కసారి అంటే ఆయన సొమ్మేం పోయేది? అనలేదు. మంచి గొంతని ఊరు నన్ను మెచ్చుకుంటుంటే పక్కన కూర్చుని వినేవాడు. విద్య ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని దెప్పాను, విద్య పోయిందని చర్చిలో గొడవ చేశాను.

అటక మీదున్న ఆయన హార్మోనియం కిందికి దించి గుడ్డతో తుడిచాను. ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ పాట ఎత్తుకున్నాను. రెండో చేత్తో నా గొంతు ఎక్కడుందో వెతికాను. ఇది కాదు, ఇదీ కాదు. పల్లవి అయింది, చరణాలు అయ్యాయి. పాట అయిపోయింది, నా వేళ్లకు నేను దొరకలేదు.