కొటేషన్లు చూసే పెద్దాయన

జిగణిలోని పంపుల ఫ్యాక్టరీలో కొటేషన్లు చూసే పెద్దాయన నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు కుందలహళ్ళిలో ఉండేది కాబట్టి "ఏమప్పా కుందలహళ్ళీ" అనేవాడు. ఆ పిలుపు నేనింకా మరచిపోలేదు.

ఏ పంపుకు ఏ మోటారు సరిపోతుందో ఆయనకు ఫోన్ చేసి అడిగాకే సేల్సువాళ్లు కొటేషన్ పంపేవారు. ఆయన కళ్లు మూసుకుని, గాలిలో స్పానర్ పట్టుకున్నట్టు చెయ్యి తిప్పేవాడు. చెయ్యి మధ్యలో ఆగిపోతే "ఈ మోటారు దానికి కూర్చోదప్పా, వేరేది చూడు" అనేవాడు.

కొటేషన్ వెబ్‌సైటును ఫ్యాక్టరీ కంప్యూటర్‌లోని పంపుల వివరాలతో కలపడం నా పని. మూడు నెలలు పక్కన కూర్చుని ఆయన చెప్పినవన్నీ ఎక్కించాను.

"అన్నీ చెప్పేశారా సార్?" అని అడిగాను.

"నోటికొచ్చినవి చెప్పినానప్పా. చేతికి తెలిసినవి ఎట్ల చెప్పేది?" అని నవ్వాడు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

సైటు మొదలయ్యాక ఆయన ఫోన్ మోగడం మానేసింది. నెల తిరక్కుండా ఆయన్ను ఇంటికి పంపేశారు. ఆ తర్వాత సైటు ఒప్పుకున్న ఆర్డర్లలో మోటార్లు పంపులకు బిగియక షెడ్డులోనే పడి ఉన్నాయి. ఫ్యాక్టరీ మేనేజరు అందరి ముందూ నన్ను కడిగేశాడు. నేను ఆనేకల్‌లో పెద్దాయన ఇంటికి వెళ్లి, తిరిగి రమ్మని బతిమాలాను.

"నన్ను పొమ్మన్న ఆయప్ప రమ్మన్నాడా?" అని అడిగాడు.

"లేదు సార్, నేనే వచ్చాను."

"నువ్వేం చేస్తావులేప్పా. చెప్పిన పని చేసినావు, నీ తప్పేముండాది?" అంటూ కాఫీ ఇప్పించాడు.

తిట్టడానికి కూడా ఆయన నన్ను ఒక మనిషిగా లెక్కచెయ్యలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.