పమిట ఉందిగా

ఆపరేషన్ అయ్యి గాయం మానాక అందరూ నాకు చెప్పిన ధైర్యం ఒకటే: "పమిట ఉందిగా!" తీసేసింది ఎడమ రొమ్ము. పమిట వేసుకునేదీ ఎడమ భుజం మీదకే. క్యాన్సరేదో నా సౌకర్యం చూసుకుని మరీ వచ్చినట్టు మాట్లాడేవాళ్ళు. ఆడదానికి పమిట లేని వేళలే ఉండవన్నట్టు! నాకు ఒళ్ళు మండేది.

రాజమండ్రిలో డాక్టరమ్మగారు మాత్రం కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. లోపల సిలికాన్‌ది పెట్టొచ్చు, కొన్నేళ్ళకి మార్చాల్సి రావచ్చు. లేదంటే పొట్ట దగ్గర చర్మం, కొవ్వు తీసి రొమ్ములా అమర్చొచ్చు. అది పెద్ద ఆపరేషన్, పొట్ట మీదా కోత పడుతుంది. ఏదీ వద్దనుకుంటే జాకెట్లో ప్యాడ్ పెట్టుకోవచ్చు.

"ఏది చేసినా తప్పు కాదండి, తొందరా లేదు. స్పర్శ మాత్రం మునుపటిలా వస్తుందని ఆశ పెట్టుకోకండి," అన్నారు.

పొట్ట సంగతి వినగానే నాకు నవ్వొచ్చింది. ఎంత నడిచినా కరగని సరుకు ఇన్నాళ్ళకి పనికొస్తోంది. మా ఆయన నవ్వలేదు. మండపేటలో ఇంటి గేటు దగ్గర కారు దిగి, "నీ ఇష్టం," అన్నారు. ఆ గేటుకి ఏ రంగు వెయ్యాలో కూడా నన్నడగని మనిషి!

ముందు ప్యాడ్‌తో సర్దుకుందామనుకున్నాను. తణుకులో చుట్టాల పెళ్ళిలో వంగి అక్షింతలు వేసేసరికి అది కాస్తా చంకలోకి జారింది. పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదేనేమో. భోజనాల దగ్గర చెయ్యి కదపకుండా కూర్చుని, ఇంటికొచ్చి దాన్ని బీరువాలో పడేశాను. పొట్ట ఆపరేషనే చేయించేసుకుందామనుకున్నాను.

అసలు నన్ను తినేస్తున్నది ప్యాడ్ కాదు. ఎడమ చెయ్యి సరిగ్గా లేవక, శుక్రవారం తలంటు మా అత్తగారే పోసేవారు. సున్నిపిండి రాస్తూ ఆవిడ చెయ్యి మెడ దిగి, కుట్టు దాకా వచ్చి, పక్కకి తప్పుకుని పొట్ట మీదకి వెళ్ళిపోయేది. మా ఆయన తువ్వాలు అందిస్తూ గోడ వంక చూసేవారు. ఆ చోటు ఇంక ఎవరికీ అక్కర్లేదేమోనని నాకు భయం వేసేది. కొత్తగా ఏదో ఒకటి పెట్టించుకుంటే మళ్ళీ నావైపు చూస్తారేమో అనుకునేదాన్ని.

ఒక శుక్రవారం ఆవిడ చెయ్యి అలాగే పక్కకి తిరగ్గానే విసుగొచ్చేసింది. "అత్తయ్యగారూ, అదీ నా ఒళ్ళేనండి. అక్కడా రుద్దండి!" అన్నాను.

ఆవిడ తెల్లబోయారు. "నొప్పెడుతుందేమోనని కదమ్మా మానేశాను! ఇన్నాళ్ళూ చెప్పవేం?"

తడి చెయ్యి తెచ్చి కుట్టు మీద పెట్టారు. పైన చర్మానికేమీ తెలియలేదు. లోపల ఎముకలకి మాత్రం ఆ చేతి బరువు తెలిసింది. రుద్దబోతూ ఆగిపోయారు.

"ఇదేంటే, నీ గుండె నా చేతికి తగులుతోంది!" అని చిన్నపిల్లలా నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కళ్ళలో సున్నిపిండి పడిందని మాత్రం ఇద్దరం సాకు చెప్పుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు తీరిగ్గా ఆలోచించుకున్నాను. నాకు ఏ ఆపరేషనూ అక్కర్లేదనిపించింది. పమిట ఉందని కాదు, ఈ వయసులో ఎందుకనీ కాదు. నలుగురి చూపు కోసం కోయించుకోవడం ఇష్టం లేకపోయింది. నాకోసమే కావాలని ఎప్పుడైనా అనిపిస్తే అప్పుడు వెళ్తాను. డాక్టరమ్మగారు తొందర లేదనే అన్నారుగా.

మా ఆయన గదిలో చొక్కా మడత పెట్టుకుంటుంటే ఈ మాట చెప్పాను. "నీ ఇష్టం" అనబోయారు.

"ఆ మాటంటే ఊరుకోను," అని, ఆయన చెయ్యి తీసుకుని నేనే అక్కడ పెట్టుకున్నాను. చేతిలో చొక్కా జారి కింద పడింది.

"నొప్పా?" అన్నారు.

"లేదండి."

నా గుండె కొట్టుకోవడం వింటున్నట్టు తల వంచుకుని నిలబడ్డారు.

"వద్దని నేనంటే నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. చేయించుకోమంటే, నిన్ను మళ్ళీ ఆ ఆపరేషన్ గది తలుపు లోపలికి పంపి బయట కూర్చోవాలి. అది నావల్ల కాదే," అన్నారు.

నా మొహంలోకే చూస్తూ అన్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు.