ఆకుల సారు మెడ మీద మచ్చ

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో, నిజం రాసి చేతికిస్తే చాలు, మనుషులు బాగుపడిపోతారని నమ్మే వయసు నాది. ఢిల్లీలోని సాకేత్‌లో గ్రీన్ టీ అమ్మే ఓ చిన్న కంపెనీలో, దాని గుణగణాలు రాసే పని దొరికింది. యజమాని అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో వచ్చేది. మేం చాటుగా ఆకుల సారు అనేవాళ్లం (ఇంటిపేరు కాదు, వ్యాపారం). గ్రీన్ టీలో ఉండే కేటచిన్లనే పదార్థాలు చర్మ క్యాన్సర్‌ని దరిచేరనివ్వవని ఆయన నమ్మకం. ఆ ధీమాతోనే మే నెల మిట్టమధ్యాహ్నం టోపీ అయినా లేకుండా పార్కులో పరుగెత్తేవారు. దొరికినవన్నీ చదివి నేను, "ఎలుకల మీద ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి, మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు" అని రాస్తే, ఆయన ఎలుకల్ని కొట్టేసి, 'కాలేదు'ని 'అయింది' చేశారు.

"సార్, అవి ఎలుకలండీ!"

"తో క్యా? చూహే హమారే కస్టమర్ హైఁ?" (ఎలుకలు మన కస్టమర్లా, అని.)

కొత్త టీ విడుదల సభకు ఓ డాక్టర్ని పిలవమంటే మా పెద్దమ్మను తీసుకెళ్లాను. ఆవిడ ఆర్మీలో చర్మవైద్యురాలు, మొహమాటం ఎరగని మనిషి. సారు భక్తిగా ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టడానికి వంగారు. పెద్దమ్మ దీవించకుండా మెడ పట్టుకుంది.

"ఈ నల్లమచ్చ పెరుగుతోందా బాబూ?"

"హాఁ ఆంటీ, థోడా. రోజ్ గ్రీన్ టీ లగాతా హూఁ." (కొంచెం పెరుగుతోందట, రోజూ దాని మీద గ్రీన్ టీ రాస్తున్నారట.)

"టీ కప్పులో పోసుకో నాయనా. మెడ మాత్రం రేపే ఆసుపత్రిలో చూపించు."

సభ చప్పబడింది. ఆయన మొహం చూస్తే, అంతదాకా లోలోపల నవ్వుకుంటున్న నాకూ భయమేసింది. పరీక్షలో క్యాన్సరనే తేలింది. అదృష్టం, తొలిదశ, కోసి తీసేశారు. మేమంతా గుళ్లో కొబ్బరికాయ కొట్టాం.

మెడకు కట్టుతో ఆఫీసుకొచ్చిన రోజు అందర్నీ పిలిచారు. ఇక ఎలుకలకు న్యాయం జరుగుతుందని నేను ముందు వరసలో కూర్చున్నాను.

"డాక్టర్ నే కహా, శురూ మేఁ హీ పకడ్ లియా," అన్నారు సారు గర్వంగా, మొదట్లోనే దొరికిందని. "బఢ్‌నే సే కిస్‌నే రోకా? గ్రీన్ టీ నే!" నా వైపు తిరిగి, "లిఖో!" (రాయి, అని.)

మచ్చను పెరగనివ్వకుండా ఆపింది టీయేనట. ఆ మాట పెద్దమ్మకు చెబితే, "ఇంక నా చేతిలో లేదురా" అంది.

నెల తిరక్కుండా వేరే ఉద్యోగం చూసుకున్నాను. మెడ మీదికొస్తే మనిషి మారతాడనుకుని, ముందు వరసలో పెన్ను పట్టుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తాడు, పాపం.