నాలుగు తర్వాత ఏడు

గురజాల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సులో నా పక్కన ఒక తల్లి, పదో తరగతి చదివే కూతురు కూర్చున్నారు. నేను లెక్కల మాస్టారినని తెలియగానే తల్లి మొదలుపెట్టింది.

"చూడండి సారూ, కాలేజీ వాళ్లు పెట్టిన పరీక్షలో ఒక్క మార్కుతో పిల్లకి ఫ్రీ సీటు పోయింది. కరెక్టే రాశానంటది. అడగడానికే పోతన్నాం."

ఆ పిల్ల దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద వేలితో 1, 2, 4 అని రాసింది. తర్వాతి సంఖ్య ఏదన్నది ప్రశ్న. పక్కన 7 వేసింది.

"ముందు ఒకటి పెరిగింది, తర్వాత రెండు, ఇప్పుడు మూడు. వాళ్లేమో రెట్టింపులంట, ఎనిమిదే అంట. వర్గ సమీకరణానికి రెండు జవాబులుంటాయని చెప్పేది మీరే గదా సార్, దీనికెందుకు ఉండకూడదు?"

"నీదీ కరెక్టేనమ్మా," అన్నాను.

"ఆ ముక్కేదో వచ్చి వాళ్లకి చెప్పండయ్యా, మీకు పుణ్యముంటది," అంది తల్లి.

సరేనన్నాను. పిడుగురాళ్లలో బస్సు ఆగగానే టీ తాగొస్తానని దిగి, కొట్టు వెనక నిలబడ్డాను. బస్సు కదిలింది. ఆ పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆపండి, ఆపండి! మా సారు ఎక్కలేదు," అని అరిచింది.

తప్పు రాసి కూడా గొడవకొచ్చిన పిల్ల అని మా కాలేజీలో ఇప్పటికీ ఆమె గురించి చెప్పుకుని నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల తప్పు రాయలేదు. ఒకే జవాబు ఉందనుకుని ఆ ప్రశ్న ఇచ్చింది నేను.