ఒక్క పోస్టు, ఒకే ఇల్లు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అనేవారు. ఎవరైనా పేజీలకు పేజీలు రాసుకొచ్చిన ప్రోగ్రామును నాలుగు లైన్లకు కత్తిరించి చేతిలో పెట్టేది. పెర్ల్ అనే ఆ కంప్యూటర్ భాష ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. పక్క సీటు మనిషినే పెళ్ళి చేసుకుంది. ఆయనా పెర్లే రాసేవాడు, కాకపోతే కిందా మీదా పడి రాసేవాడు. తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంట్లో ఉండక తప్పదన్నారు. ఆ ఒకరు ఎవరు అన్న చర్చ మాత్రం ఎవరూ పెట్టలేదు. కత్తెర ఉద్యోగం మానేసింది.

ఏళ్ళు గడిచాయి. పెర్ల్ పాతబడింది. ఆయన ఆఫీసువాళ్ళు ఒక శుభముహూర్తాన పాత ప్రోగ్రాములన్నీ పీకేసి, వాటితోపాటు ఆయన్నీ పీకేశారు.

ఆయన సోఫాలో కూలబడి ఉన్న రోజుల్లోనే ఒక కొరియర్ కంపెనీ ప్రకటన ఇచ్చింది. పెర్ల్ వచ్చిన మనిషి కావాలి, ఒకే ఒక్కరు. ముందు అది కత్తెర కంటనే పడింది. ఈ రోజుల్లో పెర్ల్ కావాలని అడిగే నాథుడెవడు? ఇది పోతే మళ్ళీ రాదు. అత్తగారు ఇప్పుడు కర్ర పట్టుకుని తిరుగుతోంది, చూసుకోవడానికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. కత్తెరకు ప్రాణం లేచి వచ్చింది. పరుగున వెళ్ళి మొగుడికి చెప్పింది.

"బాగుందే! నేనూ పెడతాను," అన్నాడాయన.

"ఉన్నది ఒక్క పోస్టండీ."

"ఎవరికొస్తే ఏం? వచ్చేది మనింటికే కదా."

వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూశారా!

ఇద్దరికీ పిలుపొచ్చింది. చదువు మొదలైంది. ఆయన చదువు డైనింగ్ టేబుల్ మీద, కంప్యూటర్ ముందు. ఆమె చదువు స్టవ్ ముందు. ఆయన ఇంటర్నెట్‌లో దొరికిన ప్రశ్నలు పైకి చదువుతాడు, ఆమె వంటింట్లోంచి జవాబు చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చోబోయేసరికి అత్తగారికి బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుంది. "అమ్మాయ్!" అని ఆవిడ పిలిచేది కోడల్నే గాని కొడుకుని కాదు.

కొరియర్ కంపెనీవాళ్ళు అడగదగ్గ లెక్క ఒకటుంది. పార్సెల్ కదిలిన ప్రతిసారీ ఫైలు చివర ఒక లైను చేరుతుంది. అలాంటివి లక్షల లైన్లు. ఏ పార్సెల్ చివరికి ఎక్కడుందో తేల్చాలి. ఆయన తేదీలతో కుస్తీపట్టి రెండు పేజీలు రాశాడు, అదీ తప్పే.

"తేదీల జోలికి ఎందుకండీ వెళ్ళడం? ఫైలును కింది నుంచి పైకి చదివించండి. ఏ పార్సెల్ ముందు కనబడితే అదే దాని ఆఖరి మజిలీ. డబ్బాలో వేసుకోండి. మళ్ళీ కనబడితే వదిలేయండి," అంది కత్తెర.

ప్రోగ్రాములో సమాచారం దాచే చోటికి అందరూ బుద్ధిగా ఏదో పేరు పెట్టుకుంటారు. కత్తెర మొదటి నుంచీ డబ్బా అనే పెట్టేది. ఆయనకు ఆ కిటుకు తలకెక్కలేదు. ఎన్నిసార్లు చెప్పినా బిక్కమొహం వేశాడు. చూడలేక, "పోనీ, బట్టీ పట్టేయండి," అంది.

అక్కడే కొంప మునిగింది. ఒకే లెక్కను పదిమందికిస్తే పెర్ల్‌లో పది రకాలుగా రాస్తారు, ఎవరి చేతిరాత వారిది. ఇది కత్తెరకు తెలియనిదేమీ కాదు. మొగుడి మొహం చూసి మరిచిపోయింది.

ఇంటర్వ్యూకు ఆయన పొద్దున వెళ్ళాడు. ఆయన తిరిగొస్తే గాని ఆమె కదలడానికి లేదు.

"ఏం అడిగారండీ?" అంది చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

"ఏదో అడిగార్లే. నువ్వు బయల్దేరు, ఆలస్యమవుతుంది," అన్నాడు గోడకేసి చూస్తూ.

కంపెనీలో ఆమెకిచ్చిన ప్రశ్న అదే, పార్సెళ్ళ లెక్క. ఇన్నేళ్ళ తర్వాత కూడా వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. టీమ్ లీడరు చూశాడు. చూసి, తన కంప్యూటర్ ఆమెవైపు తిప్పాడు.

"ఇది పొద్దున మీవారు రాసింది, మేడమ్."

అదే నడక. లైనుకు లైను. డబ్బాతో సహా.

"ఆయన జాలిపడి ప్రశ్న చెప్పుంటారు, పోనీలెండి, భార్యాభర్తలన్నాక అవన్నీ మామూలే. కానీ జవాబు కూడా దించేస్తే ఎలాగండీ? కనీసం ఆ పేరైనా మార్చాల్సింది," అని నవ్వాడతను.

కత్తెరకు ఒళ్ళు మండిపోయింది. అది నాది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయనకు రాబోయే ఉద్యోగం పోతుంది. అన్నా, ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్న మనిషి మాట ఇతను నమ్ముతాడా? ఇద్దరికీ లేకుండా పోతే ఇల్లెలా గడుస్తుంది?

"అవునండీ. ఆయన దగ్గరే నేర్చుకున్నాను," అంది.

"మంచి పనివాడండీ మీవారు," అన్నాడు టీమ్ లీడరు.

ఇంటికొచ్చాక ఆయన, "ఎలా రాశావు?" అనడిగాడు.

"మీలాగే," అంది. ఆ వారమే ఉద్యోగం ఆయనకొచ్చింది. నా కొడుకు చిన్నప్పట్నుంచీ చురుకే అని అత్తగారు మురిసిపోయింది.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇది కూడా అలాగే నాలుగు లైన్లలో కావాలంటున్నారు. ఒక్కసారి చూస్తావా?"

చూసింది. చూడగానే దారి తెలిసిపోయింది. వేళ్ళు ఊరుకోలేకపోతున్నాయి. అందుకే ఏడుపొచ్చింది.

"నేనేం చెప్పగలనండీ? కాపీ కొట్టిన దాన్ని కదా. మీ ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పారు. భోజనాల దగ్గర, అందరి ముందూ."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను... అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

కత్తెర ల్యాప్‌టాప్ మూసి ఆయన చేతిలో పెట్టేసింది. జవాబు ఆమెకు ఎప్పుడో తట్టింది. చెప్పలేదు.